పేరులో వరాహం, ముద్రపై వృషభం

తెలుగువారికి వరాహ అనగానే బంగారు నాణెం స్ఫురిస్తుంది. చాళుక్యుల లాంఛనమైన వరాహమూర్తి నుండి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. బస్తరు అడవులలో దొరికిన పసిడి నాణేల ముచ్చట ఇందుకు భిన్నం. వాటిపై చెక్కిన రాజు పేరు వరాహరాజు. బొమ్మ మాత్రం మూపురం గల ఎద్దు!

నేటి కొండగాఁవ్ ప్రాంతంలోని ఎడెంగ గ్రామంలో బయల్పడిన ఈ నాణేలు 32. చరిత్రకారుడు వాసుదేవ విష్ణు మిరాశి వాటిని పరిశీలించి 1939లో ప్రకటించారు. అధికభాగం వరాహరాజువి, తక్కినవి భవదత్తుడివి, అర్థపతివి. ముగ్గురూ 5, 6 శతాబ్దుల నాటి నలవంశీయులు.

ఇవి రెండు అచ్చుల నడుమ ఉంచి కొట్టిన నాణేలు కావు. పలుచని బంగారు రేకును వెనుకనుండి ఒత్తి, ముందువైపు బొమ్మ ఉబికివచ్చేటట్లు చేశారు. వెనుకవైపు రాత లేదు, గుంటలు మాత్రమే. తూకం ఒకటిన్నర గ్రాముకు మించదు; గుప్తుల దీనారమైతే సుమారు 8 గ్రాములు తూగుతుంది. ఇంత సుకుమారమైన రేకు సంతబేరాలలో ఎన్ని చేతులు మారగలదు? దానాలకు, సత్కారాలకు, ఏలిక పేరు చాటడానికే వీటిని చేయించి ఉంటారని నాకు తోస్తుంది.

ఆ చాటింపు ఎటువంటిదో చూడండి. పడుకొని ఉన్న వృషభం, దానితో చంద్రవంక, క్రింద రాజు పేరు. నలుల శాసనాలు తమ రాజ్యం మహేశ్వర మహాసేనుల అనుగ్రహమని చెప్పుకున్నాయి. శాసనం చదువగలవారు కొందరే. నందిని, నెలవంకను గుర్తుపట్టడానికి అక్షరాలతో పనిలేదు. ఇక ఆ అక్షరాలు తలపై చిన్న పెట్టె కట్టు గల లిపిలోనివి. విదర్భ నేలిన వాకాటకుల శాసనాలకు అలవాటైన లిపి అదే. ఆ వాకాటకుల బంగారు నాణెమంటూ నిర్వివాదంగా ఒక్కటీ దొరకలేదు. వారి లిపిలోనే, వారు వేయని పసిడిపై, అడవి రాజు తన పేరు వేయించుకున్నాడన్నమాట.

ఇది ఉత్త గొప్ప కాదు. భవదత్తుని దానాన్ని తెలిపే ఋద్ధపుర తామ్రశాసనం వాకాటకుల పూర్వ రాజధాని నందివర్ధనం నుండే వెలువడింది. అంటే నలులు శత్రువుల నగరంలో కూర్చుండి దానపత్రం వ్రాయించారు. ఆ వైభవం నిలువలేదు. వాకాటక రెండవ పృథ్వీషేణుడు తన వంశాన్ని మరల నిలబెట్టాడు. నలుల పుష్కరి పాడుపడింది. భవదత్తుని కుమారుడు స్కందవర్మ దానిని మరల జనావాసం చేశాడని ఒడిశాలోని పోడాగఢ్ శాసనం చెబుతుంది.

నాణెంపై బొమ్మ పలికినట్లే, బొమ్మ లేకపోవడమూ పలుకుతుంది. ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ మొదట బైజాంటియం పద్ధతిలో రాజమూర్తి గల దీనారాలు వేయించి, 696-97లో బొమ్మలన్నీ తొలగించి ధర్మవాక్యాలతోనే కొత్త దీనారం ముద్రింపించాడు. ఐదువందల ఏండ్ల తరువాత మహమ్మద్ ఘోరీ ఉత్తరదేశంలో తన పేరు నాగరి లిపిలో వేయించి, ప్రక్కనే కూర్చున్న లక్ష్మిని ఉండనిచ్చాడు. కొత్త ప్రజలు పాత ముద్రనే నమ్ముతారని అతనికి తెలుసు.

బస్తరులో నలుల తరువాత చక్రకోటలో ఛిందక నాగులు వెలిశారు. దూడతో కూడిన పులి వారి లాంఛనం; వారి బంగారు నాణేలపై నడుమ పులియే కనబడుతుంది. వారి కొలువులో తెలుగు కూడా వ్యవహరించింది. జగదేకభూషణ ధారావర్షుని సామంతుడు, తెలుగు చోడుడైన చంద్రాదిత్యుడు బారసూరులో శివాలయం కట్టించి, చెరువు త్రవ్వించాడు. 1060 నాటి ఆ శాసనం తెలుగులోనే ఉంది.