ఫలకాలు డాబా మీదికి
విద్యుత్ కారుపై సొంతంగా సౌర ఫలకాలు బిగించుకోవాలన్న యువకుల ఉత్సాహం మెచ్చదగిందే. లెక్కే సహకరించదు. పైకప్పు మీద పట్టేది మహా అయితే 400 వాట్లు. రోజంతా మంచి ఎండలో నిలిపినా ఒకటిన్నర యూనిట్లు, అంటే సుమారు పది కిలోమీటర్లు. నీడలో ఆపితే అదీ లేదు. సౌర ఫలకాల కారు తేబోయిన జర్మనీ సంస్థ సోనో మోటార్స్ 2023లో ఆ ప్రయత్నమే మానుకుంది.

అసలు భయం బ్యాటరీ దగ్గర. చాలా కార్లలో అది 300 వోల్టులు దాటుతుంది. పొరపాటున తీగ తగిలితే ప్రాణమే పోవచ్చు. ఈ ఆసక్తికి ఇంజినీరింగ్ కళాశాలలు తలుపులు తెరవాలి, తక్కువ వోల్టేజీ బండ్ల మీద అధ్యాపకుల పర్యవేక్షణలో ప్రయోగాలు చేయించాలి. సొంత ఇల్లున్నవారు డాబా మీదే ఫలకాలు పెట్టుకోవడం మేలు. మూడు కిలోవాట్లకు పీఎం సూర్యఘర్ రాయితీ 78,000 రూపాయలు. ఆ కరెంటుతోనే కారూ ఛార్జవుతుంది.