మన ఇంటికి ఏ తీరు?

కొత్త ఇల్లు కట్టుకున్నవారు, ఫ్లాటు కొనుక్కున్నవారు అందులో చేరబోయే ముందు ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. ఫోనులో నాలుగైదు చిత్రాలు చూపించి, “ఉస్తాద్, వీటిలో మా హాలుకు ఏ స్టైలు నప్పుతుందంటారు?” అంటారు. ఒక చిత్రంలో గదంతా తెలుపు. ఒక్క కుర్చీ తప్ప మరేమీ ఉండదు. మరొకదానిలో టర్కీ దీపాలు, బంగారు అంచుల సోఫాలు. ఏళ్ళ తరబడి చాపమీద కూర్చుని పాఠాలు చెప్పే మనిషిని ఈ విషయం అడగడంలో వారికేమి ప్రయోజనం తోచిందో గానీ, ప్రశ్న మాత్రం తోసిపుచ్చదగినది కాదు.

ఇంటిని అందంగా ఉంచుకోవడం ధర్మానికి దూరమైన పని అని కొందరు భావిస్తారు. అల్లాహ్ తన దాసుల కోసం కల్పించిన అలంకరణను నిషేధించినదెవరని ఆరాఫ్ సూరా సూటిగా ప్రశ్నిస్తుంది. నహ్ల్ సూరా 80వ ఆయతు ఇంటిని గురించి ఇంకా వివరంగా మాట్లాడుతుంది. అల్లాహ్ మీ ఇండ్లను మీకు ‘సకన్’గా చేశాడని మొదట చెబుతుంది. సకన్ అంటే మనిషి అలసట తీర్చుకుని స్థిమితపడే చోటు. ఆ తరువాతే తోళ్ళ గుడారాల ప్రస్తావన, ఉన్నితో, రోమాలతో చేసుకునే గృహసామగ్రి ప్రస్తావన వస్తాయి. ఈ వరుసను గమనించండి. ముందు స్థిమితం, తరువాత సామగ్రి. మనం ముందుగా సామగ్రి కొని, అందులో స్థిమితం దొరుకుతుందేమోనని వెదుకుతున్నాము.

హజ్రత్ ఆయిషా (రజి) గారి పరదా ఉదంతం చాలామందికి తెలిసినదే. బొమ్మలున్న పరదాను ఇంట్లో వేలాడదీసినప్పుడు దైవప్రవక్త (స) ఇష్టపడలేదు. బొమ్మల విషయంలో ఇచ్చిన ఆదేశం దగ్గరే మన ప్రసంగాలు సాధారణంగా ఆగిపోతాయి. ఆ హదీసులో తరువాతి మాట కూడా చూడాలి. ఆమె ఆ గుడ్డను పారవేయలేదు. కత్తిరించి దిండ్లుగా కుట్టారు, ఇంటివారు వాటిని వాడుకున్నారు. గోడమీద వేలాడుతూ చూపును లాగిన వస్తువే కిందికి దిగి మనిషికి ఆనుకునే ఆసరా అయింది. గృహాలంకరణ మీద ఇంతకంటె మంచి పాఠం నేను ఎక్కడా చదవలేదు. అలాగే, గీతలున్న ఒక దుప్పటి నమాజులో తన ధ్యాసను మళ్ళించిందని ప్రవక్త (స) దానిని తిప్పి పంపి, సాదా దుప్పటి తెప్పించుకున్నారు. కనుక రంగులు, అల్లికలు ఇంట్లో ఉండవచ్చు. నమాజు చేసేవాని కళ్ళెదుట మాత్రం గోడ సాదాగా ఉంటే మేలు.

ఇక మీ తీరు ఏదో తెలుసుకునే ఉపాయం. దుకాణానికి వెళ్ళకముందు ఒక వారం పాటు మీ ఇంటిని మీరే గమనించండి. ఫజ్ర్ తరువాత ఇంటి పెద్దాయన ఎక్కడ కూర్చుంటారు? పిల్లలు బల్ల కొనిచ్చినా నేలమీదనే పుస్తకాలు పరుస్తున్నారా? బంధువుల స్త్రీలు వచ్చినప్పుడు ఇంటి మగవారు ఏ గదిలోకి తప్పుకుంటున్నారు? జానమాజు ఎక్కడ పరుస్తున్నారు? మన ప్రాంతంలో ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. ఫ్లాట్ల గోడలు సాధారణంగా దిక్కులకు సరిగ్గా కడతారు గనుక జానమాజు గోడకు కాస్త ఏటవాలుగా పడుతుంది. ఒక్కరికి సుమారు నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు చాలు. కానీ రమజానులో ఇంటిల్లిపాదీ తరావీహ్‌కు నిలబడవలసివస్తే పడమటి గోడకు ఆనించిన ఏడడుగుల సోఫాను ఎవరు జరపాలి?

దక్కనులోని పాత ముస్లిం ఇళ్ళు ఈ చిక్కును ఏనాడో తీర్చుకున్నాయి. గదిలో ఒక తఖ్తు, దానిమీద తెల్లటి చాందనీ, ఆనుకోవడానికి గావ్‌తకియా. గోడలోనే తాక్, అందులో దీపమో, పుస్తకాలో. పగలు బైఠక్ అయిన గదిలోనే దస్తర్‌ఖాన్ పరిస్తే భోజనశాల, పరుపులు వేస్తే పడకగది. ఎవరూ దానికి పేరు పెట్టలేదు గానీ అదొక తీరు, చిన్న ఫ్లాటుకు సరిగ్గా సరిపోయే తీరు.

దానికి కావలసిన వస్తువులు కూడా మన నేలమీదనే తయారవుతున్నాయి. వరంగల్ నూలు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మే నెల ఎండల్లో కృత్రిమ ఉన్ని కార్పెట్టు మీద కూర్చున్నవారికి నూలు జంపఖానా విలువ వేరే చెప్పనక్కరలేదు. ఏలూరు ఉన్ని తివాచీల వెనుక పర్షియా నేతగాళ్ళ సంప్రదాయం ఉంది. మచిలీపట్నం, పెడనల కలంకారీ పేరులోనే పారశీకం ఉన్నది: కలం, కారీ. శ్రీకాళహస్తిలో కలంతో పురాణ గాథలు చిత్రిస్తే, బందరు వైపు చెక్క అచ్చులతో తీగలు, పూలు, ఆకులు అద్దుతారు. ఆ బట్టలు ఒకప్పుడు ఓడలెక్కి పర్షియాకు వెళ్ళాయి. ప్రాణుల బొమ్మలు లేని అచ్చులు ఎంచుకుంటే మన పరదాలకు, దిండు గలీబులకు అంతకంటె హుందా అయిన బట్ట లేదు. యంత్రం మీద ముద్రించిన నకళ్ళు కూడా అదే పేరుతో అమ్ముతున్నారు. చెక్క అచ్చుతో అద్దినదేనా అని అడిగి తీసుకోండి.

మా పూర్వ విద్యార్థి ఒకరు కొత్త ఫ్లాటుకు ఆహ్వానించారు. హాలు నిజంగానే ముచ్చటగా ఉంది: బూడిదరంగు గోడలు, వాటికి తగిన సోఫా, దాచిపెట్టిన దీపాలు. అమ్మీ ఎక్కడని అడిగితే వెనుక గదికి తీసుకువెళ్ళారు. ఆమె నవారు మంచం, పెళ్ళినాటి ఇనుప పెట్టె, పాన్‌దాన్ అక్కడున్నాయి. “హాలులో పెడితే డిజైను చెడిపోతుందన్నారు, హజ్రత్” అన్నాడు కుమారుడు. ఆమె ఏమీ అనలేదు. నాకు పాన్‌దాన్ తెరిచి వక్కలు పెట్టింది. పాత ఇంట్లో ఆమె మంచం గుమ్మానికి ఎదురుగా ఉండేది, వచ్చేవారి సలాము ముందుగా ఆమెకే అందేది. ఇప్పుడు హాలులోకి వచ్చినవారికి ఆ ఇంట్లో ఒక పెద్దామె ఉందని కూడా తెలియదు. తల్లి మంచానికి చోటివ్వలేని డిజైను ఎంత ఖరీదైనదైనా ఆ ఇంటికి నప్పినట్టు కాదు. అతనితో ఆ మాటే చెప్పాను. పాత పెట్టెకు రంగు వేయించి, పైన ఒక కలంకారీ గుడ్డ పరిచి కిటికీ కింద పెడితే మంచి ఆసనమవుతుందని కూడా చెప్పాను. విన్నాడో లేదో, మళ్ళీ వెళితే గానీ తెలియదు.

ఖర్చు గురించి రెండు మాటలు. ఇంటీరియర్ పనులకు వడ్డీ మీద అప్పు తీసుకుని నెలనెలా వాయిదాలు కట్టడం ఇప్పుడు మామూలైపోయింది. వడ్డీ సంగతి మీకు కొత్తగా చెప్పేది లేదు. నిషిద్ధమైన సొమ్ముతో వేసిన ఫాల్స్ సీలింగు కింద సకన్ దొరకదు. ముస్లిం గ్రంథంలోని ఒక హదీసు పడకల లెక్క చెబుతుంది: ఒకటి పురుషునికి, ఒకటి భార్యకు, మూడవది అతిథికి, నాలుగవది షైతానుకు. నాలుగవదాని గురించి హెచ్చరిక అందరికీ గుర్తుంటుంది. మూడవదాన్ని ప్రవక్త (స) ఇంటి అవసరాల లెక్కలోనే చేర్చిన సంగతి మరచిపోతున్నాము. షోకేసులో ఎవరూ తాగని పింగాణీ కప్పులు ఇరవైనాలుగుంటాయి, ఊరి నుంచి మామయ్య వస్తే పడుకోవడానికి అదనపు పరుపు ఉండదు.

అన్నీ ఒకేసారి కొనకండి. ముందు పరుపులు, జంపఖానా, పరదాలు చాలు. ఒక ఎండాకాలం, ఒక రమజాను ఆ ఇంట్లో గడిచాక మిగతావి అవసరమో కాదో మీకే తెలుస్తుంది. మధ్యాహ్నం తరువాత ఎండ పడమటి గోడనే కొడుతుంది గనుక ఆ కిటికీకి దళసరి నూలు పరదా, మిగతావాటికి పలుచనివి వేయండి. కొనేటప్పుడే ఇంట్లో ఉతుక్కోవచ్చో లేదో అడగండి. బట్ట కుంచించుకుపోతుంది గనుక నాలుగంగుళాలు పొడవు ఎక్కువగా కుట్టించండి.