నీడకూ పాసు కావాలి!

హైదరాబాదులో జూబ్లీహిల్స్ వద్ద ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుకు తెల్లవారేసరికే జనం వచ్చేస్తారు. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఆ అడవిముక్కలో నడవడానికి వారు డబ్బిచ్చి పాసులు తీసుకుంటారు. నెమలి కూత విని, చెట్లగాలి పీల్చి ఇళ్ళకు పోతారు. పల్లెవాసికి ఇదంతా ఉచితం, అందుకే లోకువ కాబోలు! 2016లో ఫ్లైఓవర్ల కోసం పార్కు చుట్టూ చెట్లు కొట్టబోతే, నడకకు వచ్చేవారే రోడ్డెక్కి నిరసన తెలిపారు.

మరి పల్లెల్లో? చెరువుగట్టు మీది చింతలు, రచ్చబండ దగ్గరి రావిచెట్టు కలప వ్యాపారి ఇచ్చే నాలుగు డబ్బులకు నేలకూలుతుంటే అడిగే నాథుడు లేడు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చాలా చెట్లు కొట్టడానికి అనుమతి ఉండాలి. వచ్చే గ్రామసభలో ఊరుమ్మడి చెట్ల లెక్క రాయించాలి. గొడ్డలి పడకముందే అనుమతి కాగితం చూపమని అడగాలి.