బూట్లు కొనలేనివాడు బరువెత్తకూడదా?

“పదివేలు పెట్టి బూట్లు కొనలేనివాడికి ఈ ట్రైనింగ్ ఎందుకండీ?” నంద్యాలలో జిమ్ నడుపుతూ బూట్లు కూడా అమ్మే ఒక పెద్దమనిషి ఈమధ్య నలుగురిలో అన్న మాట ఇది. ఎదురుగా నిలబడింది సంజామల నుంచి వచ్చిన కుర్రాడు, కానిస్టేబుల్ సెలక్షన్లకు ఒళ్ళు వంచుతున్నవాడు. కాళ్ళకు బడిపిల్లలు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు. ఆ మాట విని నలుగురూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఆయన ఒక్కడే అయితే పోనీలే అనుకోవచ్చు. ఫోను తెరిస్తే చాలు, కండలు తిరిగిన ప్రతివాడూ ఇదే పాట. క్రాస్‌ఫిట్టో, ఫంక్షనల్ ట్రైనింగో, పేరేదైనా ముందు సరంజామా కొనాలట. ఖరీదైనదే కొనాలట, ఎందుకంటే అదే మన్నుతుందట. ఈ ‘మన్నిక’ అనే మాటను అడ్డం పెట్టుకుని జరుగుతున్న వ్యాపారం మీదే నా కోపం.

చరిత్ర కాస్త చూడండి. అమెరికాలో గ్రెగ్ గ్లాస్‌మన్ క్రాస్‌ఫిట్ కంపెనీ పెట్టింది 2000లో. మొదటి క్రాస్‌ఫిట్ గేమ్స్ జరిగింది 2007లో, కాలిఫోర్నియాలోని ఆరోమాస్‌లో, ఒక పశువుల క్షేత్రంలో. అప్పటికి ఈ వ్యాయామం కోసమని ప్రత్యేకంగా పేరు మోసిన బూటంటూ లేదు. రీబాక్ 2010లో క్రాస్‌ఫిట్‌తో పదేళ్ళ ఒప్పందం చేసుకుంది, మరుసటేడు నానో అనే బూటు వచ్చింది. నైకీ వాళ్ళ మెట్‌కాన్ 2015లో. అంటే వ్యాయామం పుట్టిన పదేళ్ళకు గానీ బూటు పుట్టలేదు. ఆ పదేళ్ళూ జనం బరువులెత్తలేదా, తాళ్ళెక్కలేదా? ఇక బూటు పుట్టాక చూడండి, దాదాపు ఏటా పక్కన కొత్త అంకె. ఎన్నేళ్ళయినా చెక్కుచెదరదని చెప్పిన నోటితోనే ఏడాది తిరక్కుండా ఇంకోటి కొనమంటారు. మన్నేదైతే మళ్ళీ కొనడం ఎందుకయ్యా?

అలాంటి జత ఒకటి మా ఇంట్లోనూ ఉండేది. ఎండాకాలం వెళ్ళేలోపు ముందుభాగంలో అడుగు నోరు తెరిచింది. కోవెలకుంట్లలో చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు తీసుకెళితే, వేలితో ఆ చీలిక చుట్టూ తడిమి చూశాడు. “దీనికి కుట్టేదానికి అంచే లేదు సార్. అంతా గమ్మే. ఎండకు గమ్ము వదిలితే నేనేం జేసేది?” అన్నాడు. ఆ ఒక్క మాటలో ఉన్నంత సమాచారం పది ప్రకటనల్లో లేదు. ఈ కాలపు ఆటబూట్లు చాలామటుకు దారంతో కాదు, జిగురుతో నిలబడతాయి. వేడికి జిగురు మెత్తబడుతుంది. రాష్ట్రంలో ఎండలు మండిపోయే ఊళ్ళ లెక్క తీస్తే నంద్యాల పేరు ముందు వరసలో ఉంటుంది. బండి మీద కట్టుకెళ్ళి, గోడ పక్కన ఎండలో వదిలేసే ఊళ్ళో ఏ బూటైనా ఎన్నాళ్ళు ఆగుతుంది? మందమైన రబ్బరు అంచు ఉండి, చుట్టూ కుట్టు వేసిన సాదా బూటైతే ఆయనే ఇంకో రెండు కుట్లు వేసి చేతికిచ్చేవాడు. బాగుచేయించుకోవడానికి వీల్లేని వస్తువును మన్నికైనదని నేను ఒప్పుకోను. కంపెనీవాళ్ళు ఎన్ని రకాల ప్లాస్టిక్కు పేర్లు చెప్పినా సరే.

ఇంతకీ ఆ కుర్రాడికి కావలసిందేమిటి? కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. దాంతోపాటు 100 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్ ఉంటాయి. పరుగుకు మెత్తటి అడుగు కావాలి. బరువుకు గట్టిది, చదునైనది కావాలి. మెత్తటి నురగ మీద నిలబడి బరువు భుజానికెత్తుకుంటే మడమ అటూ ఇటూ ఊగుతుంది. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 240 కిలోలతో కంచు పతకం తెచ్చిన క్రీడకు వేసే బూట్లు చూడండి: మడమ ఎత్తుగా, రాయిలా గట్టిగా ఉంటుంది, వాటితో పరుగెత్తమంటే ఎవడూ పరుగెత్తడు. ఈ రెండిటినీ కలిపేశామంటూ అమ్మే బూటు బరువులకు బాగానే ఉంటుంది, మైలు పరుగుకు మాత్రం బండబారి ఉంటుంది. పోలీసు కావాలనుకున్న పిల్లాడికి జిమ్ పెద్దమనిషి అంటగట్టబోయింది సరిగ్గా ఆ బూటు! వాడి కాన్వాసు బూట్లు బార్ ఎత్తేటప్పుడు ఆయన చెప్పినదాని కంటే ఏమీ తక్కువ కాదు. పరుగుకు వేరే జత, అంతకు సగం ధరలో, దొరుకుతుంది.

బట్టల సంగతి క్లుప్తంగా చెబుతాను. సాగే టీషర్టుల్లో, టైట్లలో ఉండే ఎలాస్టేన్‌కు వేడి పడదు. మనమేమో నాపబండ మీద బ్రష్షుతో రుద్ది, బాది, మిట్టమధ్యాహ్నం తీగ మీద వేస్తాం. సున్నపురాయి నేల కాబట్టి నీళ్ళలో సున్నం ఎక్కువ, సబ్బు నురగ రాక ఇంకో రెండు దెబ్బలు. వెయ్యిదైనా మూడొందలదైనా ఒకటే గతి. నిక్కరు కొనేముందు లోపలికి తిప్పి, కాళ్ళ మధ్య కుట్లన్నీ ఒకే చుక్క దగ్గర కలుస్తున్నాయా, మధ్యలో వేరే గుడ్డముక్క వేశారా చూడండి. ముక్క లేనిది గుంజీలకు చిరుగుతుంది. లోగో చూడకండి. స్టీలు తీగ స్కిప్పింగు తాడుదీ అదే కథ. గరుకు నాపరాళ్ళ మీద తిప్పితే పైన ప్లాస్టిక్కు తొడుగు ఇట్టే అరిగిపోతుంది. కింద పాత రబ్బరు చాప వేస్తే ఏ తాడైనా ఎక్కువ కాలం వస్తుంది.

ఇంతవరకూ చదివి “అదే మరి! మా తాతలు ఒట్టికాళ్ళతో గుండెత్తలేదా, బండి ఇరుసెత్తలేదా” అని మీసం దువ్వేవాళ్ళుంటారు. దయచేసి మీరూ ఆగండి. మా వైపు శనగ గోడౌన్లలో హమాలీలు ఇప్పటికీ అలాగే బస్తాలు మోస్తున్నారు, తలమీద తువ్వాలు, చేతిలో కొక్కెం, అంతే. ఒక్క మనిషి చేత్తో మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. నలభై దాటేసరికి నడుం పట్టేసిన హమాలీని అడగండి ఒట్టికాళ్ళ గొప్పతనం గురించి. వాళ్ళకు చేతితొడుగులు, గట్టి బూట్లు ఇవ్వాలని ఒక్కడూ రీలు చెయ్యడు. గంట సేపు సరదాకు బరువెత్తేవాడికి పదివేల బూటు తప్పనిసరి, రోజంతా కూటికోసం ఎత్తేవాడికి హవాయి చెప్పు చాలు! ఈ లెక్క ఎవరు కట్టారో నాకు తెలియాలి.

మరి ఏం చెయ్యాలంటే, నా దగ్గర పెద్ద ప్రణాళికేమీ లేదు. బెల్టు కొంటే అతికే పట్టీది వద్దు, ఇనుప బకిలు ఉన్న తోలుది కొనండి. ఇసుక మూటకు పాత గోనెసంచులు ఒకదాంట్లో ఒకటి రెండు దూర్చి మూతి కుట్టించండి, పిగిలితే పైది మార్చుకోవచ్చు. బార్, ప్లేట్లు ఒక్కొక్కరూ కొనక్కర్లేదు. పదిమంది చందాలేసుకుని హైస్కూలు గ్రౌండులో ఒక గదిలో పెట్టుకుంటే సరిపోతుంది, తాళం ఎవరి దగ్గరుండాలన్న తగువు మీరే తీర్చుకోండి. ఆ జిమ్ పెద్దమనిషికి మాత్రం ఒక విన్నపం. మీ దగ్గర కొన్న బూట్లు ఏడాది వాడాక ఎలా ఉన్నాయో ఫొటో తీసి, ధరల పట్టిక పక్కనే అంటించండి.