బూజు వేరుశనగ: తల్లిపాల దాకా చేరుతున్న విషం
పాలు మాన్పించడం పరిష్కారం కాదు. గింజ ఏరి తినడమే రక్షణ

రేణిగుంట: వేరుశనగ పండించే ఇంట మేలైన గింజ మార్కెట్టుకు పోతుంది. ముడుచుకున్నవి, పురుగు కొట్టినవి, నల్లబడినవి ఇంట్లో మిగులుతాయి. ఊరుబిండికి అవే, తాలింపుకు అవే. చెత్తకాయ గానుగకు పోయి, దాని చెక్క పాడిగొడ్డు కుడితిలో పడుతుంది. కూలి కుటుంబాల సంగతి మరీ అన్యాయం. కాయ పీకిన చేలో పరిగె ఏరుకొచ్చిన కాయలే వారికి వేరుశనగ. భూమిలో ఎక్కువ రోజులు వుండి దెబ్బతిన్న ఆ కాయలకే బూజు ముప్పు ఎక్కువ. ఈ బూజులోని విషం తల్లి తిన్న తిండి ద్వారా చనుబాలలోకీ, గొడ్డు తిన్న చెక్క ద్వారా ఆవుపాలలోకీ చేరుతుందని శాస్త్రజ్ఞులు తేల్చి చాలా కాలమైంది.

ఈ విషం పేరు అఫ్లటాక్సిన్. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పచ్చటి బూజు దీనిని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోగా, వాటికి మేతగా పెట్టిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో ఇది బయటపడింది. 1982లో చిత్తూరు జిల్లాలోనే కోళ్ళు ఈ విషానికి పెద్ద ఎత్తున చనిపోయాయి. మనుషులకూ మినహాయింపు లేదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాలలో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్న 397 మంది కామెర్లతో జబ్బుపడగా, 106 మంది మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దానికి కారణం ఈ విషమేనని నిర్ధారించారు.

అటువంటి మరణాలు అరుదు. అసలు నష్టం కంటికి కనిపించకుండా జరుగుతుంది. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి ఒంట్లోకి చేరితే ఇది కాలేయ క్యాన్సరుకు దారి తీస్తుంది. హెపటైటిస్ బి సోకినవారికి ఈ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాబట్టి పుట్టిన వెంటనే బిడ్డకు ఉచితంగా వేసే హెపటైటిస్ బి టీకాను ఏ తల్లీ విడిచిపెట్టరాదు.

ఇక పాల విషయం. తల్లి తిన్న విషంలో కొంత కాలేయంలో మార్పు చెంది ఎం1 అనే రూపంలో పాలలోకి దిగుతుంది. ఆఫ్రికాలోని గాంబియా దేశపు తల్లులను పరిశీలించి 1992లో ప్రచురించిన వివరాల ప్రకారం, తిన్న విషంలో వెయ్యి పాళ్ళకు సుమారు ఒకటి నుంచి నాలుగు పాళ్ళు మాత్రమే చనుబాలలోకి వచ్చింది. ఆవులలో ఇది నూటికి ఒకటి రెండు పాళ్ళు, పాలు బాగా ఇచ్చే గొడ్లలో ఆరు పాళ్ళ దాకా వుంటుంది. పైగా ఎం1 రూపం మూల విషం కంటే బలహీనమైనది. తల్లి శరీరం జల్లెడ పట్టి, బిడ్డకు చేరే విషాన్ని చాలావరకు తగ్గిస్తున్నదన్న మాట.

కాబట్టి భయపడి తల్లిపాలు మాన్పించి ఆవుపాలో, పిండి గంజో పట్టడం పొయ్యిలో నుంచి మంటలో పడడమే అవుతుంది. ఆఫ్రికాలోని బెనిన్, టోగో దేశాలలో 480 మంది పిల్లలను పరీక్షించి 2002లో ప్రచురించిన పరిశోధనలో, తల్లిపాలు పూర్తిగా మానిన పిల్లల రక్తంలోనే ఈ విషం ఎక్కువగా కనిపించింది. విషం ఎక్కువ వున్న పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు, బరువు లేకుండా వున్నారు. అక్కడ మొక్కజొన్న, వేరుశనగ గంజి పట్టడం మొదలైనాకే విషం పెరిగింది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న మాటకు ఇది మరింత బలమిస్తున్నది.

పోతపాలు పట్టేవారు మరొక సంగతి గమనించాలి. 2018లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశవ్యాప్తంగా పరీక్షించిన 6,432 పాల నమూనాలలో 368 నమూనాలలో ఎం1 పరిమితి దాటింది. పొరుగున వున్న తమిళనాడులో 551కి 88 అటువంటివే. కారణం బూజు పట్టిన దాణా, మేత. పాలు ఎంత కాచినా ఈ విషం పోదు. గొడ్డుకు మంచి దాణా పెడితే మాత్రం కొద్ది రోజులలోనే పాలు శుభ్రపడతాయి.

ఈ ప్రాంతానికి ముప్పు ఎక్కువ కావడానికి కారణాలు తెలిసినవే. కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తుంది. ఎండకు బెట్టిన కాయలోకి భూమిలోని బూజు చొరబడుతుంది. తీరా కాయ పీకి కుప్ప వేసే అక్టోబరు, నవంబరులలో తుపాను వానలు కుప్పను తడుపుతాయి. గింజ సులువుగా ఒలవాలని కాయను నీళ్ళతో తడిపే అలవాటు మిగిలిన పని పూర్తి చేస్తుంది.

నివారణ రైతు చేతిలో కొంత వున్నది. పక్వానికి రాగానే కాయ పీకాలి. కాయలో తేమ నూటికి ఎనిమిది పాళ్ళకు తగ్గేవరకు ఆరబెట్టాలి. తడిసిన కాయను మంచి కాయలో కలపరాదు. మూటలను నేల మీద కాక చెక్కల మీద పేర్చాలి. ఇంట్లో వాడే ముందు ముడుచుకున్న, రంగు మారిన, చేదెక్కిన గింజలను ఏరి పారేయాలి. విషంలో ఎక్కువ భాగం ఆ కొద్ది గింజలలోనే వుంటుంది. వేయించినందువల్ల కొంత తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. ఏరిన గింజను గానుగకు పంపినా, కోళ్ళకు వేసినా విషం మళ్ళీ ఇంటికే వస్తుంది. బాలింతలున్న ఇళ్ళలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

అయితే భారమంతా రైతు మీద, తల్లి మీద మోపడం న్యాయం కాదు. నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించితే యూరప్ దేశాలు ఒప్పుకోవు. అక్కడికి ఎగుమతి అయ్యే సరుకుకు ప్రయోగశాల పరీక్ష తప్పనిసరి. పండించిన వాడి ఇంట మిగిలిన గింజకు మాత్రం ఏ పరీక్షా లేదు. పరాయి దేశపు బిడ్డకు వున్న రక్షణ పండించిన కూలి బిడ్డకు లేకపోవడం విచారకరం. తిరుపతిలో వ్యవసాయ పరిశోధన స్థానం వున్నది, పశువైద్య విశ్వవిద్యాలయం వున్నది. కోతల కాలంలో గ్రామాలలో గింజకు, చెక్కకు, దాణాకు నమూనా పరీక్షలు జరిపించి ఫలితాలు రైతులకు తెలియజేయవలసిన బాధ్యత సంబంధిత అధికారులపై వున్నది. తడిసిన కాయను ఆరబెట్టడానికి పట్టలు, కల్లాలు సమకూర్చడం అంతకంటే ముందు జరగవలసిన పని.