ముందు చేతులెత్తేసిందెవరు?

మా అన్నయ్య మనవడు ఇంటర్ అయ్యాక పైలట్ కోర్సులో చేరతానన్నాడు. ఇంటిల్లిపాదీ కలిసి వాడి నోరు మూయించారు. ఫీజుకి భయపడ్డారనుకున్నాను. కాదట. "పదేళ్లలో విమానాలు ఏఐయే నడిపేస్తుందని నాన్న చెప్పాడు తాతయ్యా" అన్నాడు బిక్కమొహంతో. వాళ్ల నాన్న మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్. ఇలాంటి జోస్యాలన్నీ అక్కడే పుడతాయి.

విమానం ఇప్పటికే తనంతట తాను దిగుతోంది కదా అంటారు. ఎవరు కాదన్నారు? 1965లోనే బ్రిటన్‌లో ట్రైడెంట్ ప్రయాణికులతో అలా దిగింది. చలికాలం పొగమంచులో మనవాళ్లు ఢిల్లీలో దిగేదీ అలాగే. అయితే ఆ ల్యాండింగ్‌కి పైలట్ ప్రత్యేక శిక్షణ పొంది ఉండాలి. యంత్రం దింపుతుంటే మనిషికి శిక్షణ ఎందుకయ్యా? అది మొరాయిస్తే ఆ క్షణంలోనే విమానాన్ని మళ్లీ పైకి లేపాలి కాబట్టి.

అందరూ విమానాన్ని నీళ్లమీద దింపిన హడ్సన్ నది కథ చెబుతారు. నాకు మాత్రం క్వాంటాస్ 32 విమానం కథ ఇష్టం. 2010 నవంబరు 4న సింగపూర్‌లో లేచిన కాసేపటికే ఆ ఏ380 ఇంజిన్ ఒకటి పేలింది. ముక్కలు రెక్కను చీల్చి వైర్లు తెంపేశాయి. కంప్యూటర్ ఒకదాని వెంట ఒకటి హెచ్చరికలు గుమ్మరించింది. వాటిని ఎంతకీ తెమల్చలేక కెప్టెన్ డిక్రెస్పిన్యీ లెక్క తిరగేశాడు: ఏవి పాడయ్యాయో వదిలేసి, ఏవి పనిచేస్తున్నాయో చూసుకున్నాడు. 469 మందీ క్షేమంగా దిగారు.

ఎయిర్ ఫ్రాన్స్ 447 సంగతి నాకు తెలియక కాదు. 2009లో పైలట్లు తడబడి 228 మంది పోయారు. కానీ అక్కడ ముందు చేతులెత్తేసింది ఆటోపైలటే. వేగం కొలిచే గొట్టాల్లో మంచు పట్టగానే "ఇక మీ ఇష్టం" అని తప్పుకుంది. ఇక 737 మ్యాక్స్‌లో ఒక్క సెన్సర్ అబద్ధం నమ్మి సాఫ్ట్‌వేర్ ముక్కు కిందికి తొక్కింది. రెండు ప్రమాదాల్లో 346 మంది. అలాంటి సాఫ్ట్‌వేర్ ఉందన్న మాటే మొదటి ప్రమాదం దాకా పైలట్లకు చెప్పలేదు!

మరి పైలట్‌ను తీసేయాలని ఎందుకంత తొందర? అసలు సంగతి జీతాలు. ఒకప్పుడు కాక్‌పిట్‌లో ఐదుగురుండేవారు. రేడియో ఆపరేటరు, నేవిగేటరు, ఫ్లైట్ ఇంజినీరు వరసగా వెళ్లిపోయారు. మిగిలిన ఇద్దరిలో ఒకరి మీద ఇప్పుడు కన్నుపడింది. ఒక్కరితో అంతే భద్రత ఉంటుందని ఇంకా తేలలేదని ఐరోపా విమాన భద్రతా సంస్థ 2025లో చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది మన దేశంలో పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచారు. అలాంటి కొత్త నిబంధనలకు సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో డిసెంబరులో వేల సర్వీసులు రద్దు చేసింది. విమాన కంపెనీలకి కావలసింది నిద్రపోని పైలట్.

నేలమీద మనిషిని తీసేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. పోయిన నెల విమానం దిగాక నా పెట్టె రాలేదు. ఆ కంపెనీ పేరెందుకు గానీ, ఫోన్ చేస్తే "తెలుగు కోసం మూడు నొక్కండి" అంది గొంతు. మూడు నొక్కాను. మళ్లీ మొదటికొచ్చింది. మూడు రోజులు నొక్కాను. నాలుగో రోజు, ట్యాగు మీద నంబరు చూసి సామాన్లెత్తే కుర్రాడొకడు ఫోన్ చేశాడు: "పెద్దాయనా, నీలం పెట్టె మీదేనా?"