కాదని చెప్పడంలోని మర్యాద

“చూద్దాం లెండి” అన్నది తెలుగువారి సంభాషణలో తరచు వినవచ్చే మెత్తని నిరాకరణ. ఎదుటివారి మనసు నొప్పించకుండా తప్పుకొనడానికి అది అనువైన మాట. ముఖాముఖి మాట్లాడుకొనేచోట వినేవారు కంఠస్వరాన్ని బట్టి అసలు భావాన్ని గ్రహిస్తారు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రంగంలో మాత్రం ఆ మాట మర్యాద అనిపించుకోదు. అపకారమే అవుతుంది.

ప్రోగ్రాము మూలరూపాన్ని అందరికీ అందించి, ఎవరైనా సవరించుకొనే హక్కును కల్పించే ఈ విధానానికి ఓపెన్ సోర్స్ అనే పేరు 1998లో వచ్చింది. పెద్ద సంస్థలు పోషిస్తున్న ప్రాజెక్టులు కొన్ని ఉన్నా, అనేకం ఒకరిద్దరు నిర్వాహకుల తీరిక వేళల శ్రమపైనే నడుస్తున్నాయి. వాడుకరులు కొత్త సౌకర్యాలు కోరడం సహజం. అయితే ఏ సౌకర్యమైనా ఒకసారి వ్రాసినంత మాత్రాన పని ముగియదు. ఏళ్ల తరబడి దానిని పరీక్షించాలి, లోపాలు సరిదిద్దాలి. కనుక కొన్ని కోరికలను కాదనడం నిర్వాహకుని హక్కే కాదు, బాధ్యత కూడా.

1991 ఆగస్టులో ఫిన్లాండులో విద్యార్థిగా ఉన్న లీనస్ టోర్వాల్డ్స్, తరువాత లినక్స్‌గా ప్రసిద్ధికెక్కిన తన ప్రయత్నాన్ని ప్రకటిస్తూ, ఏ సౌకర్యాలు కావాలో తెలుపమని కోరారు. సూచనలకు స్వాగతమే గాని అమలు చేస్తానని మాట ఇవ్వలేనని అప్పుడే స్పష్టం చేశారు. ఆహ్వానమూ హద్దూ రెండూ అందులో ఉన్నాయి. పరుషమైన జవాబులకు పేరుపడిన ఆయనే 2018 సెప్టెంబరులో తన ధోరణికి బహిరంగంగా క్షమాపణ చెప్పి కొంతకాలం విరామం తీసుకున్నారు.

మర్యాద అడిగేవారికీ అవసరమే. సమాచారాన్ని కుదించే ఎక్స్‌జడ్ యుటిల్స్ అనే సాధనం భారమంతా దాదాపు ఒక్కరిపైనే ఉండేది. పని ఆలస్యమవుతున్నదని, నిర్వహణను మరొకరికి అప్పగించమని 2022లో ఆయనపై ఒత్తిడి వచ్చింది. ఆ నేపథ్యంలో సహాయకునిగా స్థిరపడిన వ్యక్తి ప్రోగ్రాములో రహస్యంగా దొంగదారి అమర్చాడు. లాగిన్‌కు సుమారు అర సెకను అదనంగా పడుతున్నదని గమనించిన ఒక ఇంజనీరు 2024 మార్చిలో దానిని బయటపెట్టారు. నిర్వాహకుని నిస్సహాయతను సాకుగా చేసుకొనేవారు ఉంటారని ఆ ఉదంతం తెలిపింది.

మంచి జవాబుకు ముందుగా కృతజ్ఞత అవసరం. తరువాత కోరిక వెనుక ఉన్న అవసరాన్ని విచారించాలి. తెలుగు అక్షరాలను పెద్దవి చేసే మీట కావాలని ఒకరు అడగవచ్చు. పంక్తుల మధ్య ఎడం చాలక వత్తులు తెగిపోవడమే అసలు ఇబ్బంది కావచ్చు. పిమ్మట నిర్ణయాన్ని, దాని కారణాన్ని సూటిగా చెప్పాలి. చివరగా వేరొక మార్గం చూపాలి. లైసెన్సు అనుమతిస్తున్నది గనుక కావలసినవారు తామే మార్పు చేసుకోవచ్చు. అయితే ప్రోగ్రాములు వ్రాయడం రానివారితో “మీరే వ్రాసుకోండి” అని ముక్తసరిగా అనడం అవమానమే.

ప్రవాస తెలుగు కుటుంబాల యువతరంలో ఈ వృత్తిని చేపట్టినవారు అనేకులు. “ఈ కారణంగా చేయలేము, మన్నించండి” అని వ్రాయడానికి వారు సంకోచించనక్కరలేదు. ఆ జవాబు అందుకొన్నవారు వెంటనే మరొక దారి వెదుక్కుంటారు. “చూద్దాం” అన్న మాటను నమ్మినవారు ఏళ్ల తరబడి ఎదురు చూస్తూనే ఉంటారు.